కాళ్ళు కడిగే పూట

చెప్పులు విప్పి కుర్చీ కిందికి తోశాక రమకు తన కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందున్న స్టీలు పళ్ళెంలో పెట్టుకోమని టీచరు చెప్పి వెళ్ళింది, కాని ముఖ్య అతిథే ఇంకా రాలేదు, పూజ ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలియదు, ఇప్పటినుంచే పాదాలు పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంటే ఎవరికో వడ్డించినట్టు ఉంటుంది. నేల మీద ఆనిస్తే ఎర్రమట్టి అంటుకుంటుంది. వెనక్కి లాక్కుంటే చీర అంచు కిందికి పోతున్నాయి, దాచుకున్నట్టు. దాచుకోవడానికేముంది, గోదావరిఖనిలో బొగ్గుపొడి తొక్కని కాళ్ళెవరివి? అయినా వరసలో అటూ ఇటూ కూర్చున్న తల్లుల పాదాలు చూస్తుంటే గోరింటాకు, గోళ్ళరంగు, కొత్త పట్టీలు, వెండి మట్టెలు, పొద్దున్నే రాయితో రుద్దుకుని వచ్చిన మడమలు. తన రెండో వేలు మాత్రం, మట్టెలు తీసి ఏళ్ళు గడిచినా, మొదట్లో సన్నగా నొక్కుకుపోయే ఉంది. వేలికి ఇంకా చెప్పలేదేమో ఎవరూ, ఆయన పోయాడని. బడి మైదానంలో షామియానా కింద మొదటి వరసలో సరిగ్గా నడిమి కుర్చీ తనది. కుర్చీ వీపుకు కాగితం అంటించారు. కూర్చున్నవాళ్ళకు అది కనబడదు గాని వెనకున్న అందరికీ కనబడుతుంది. 'ఆదర్శ మాతృమూర్తి' అని ఉందందులో. వీపు మీద అక్షరాలు పాకుతున్నట్టే ఉంది రమకు.

పోయిన వారం విజయేంద్ర సారు ఆఫీసు గదిలోకి పిలిచి కూర్చోమన్నప్పుడు కూతురు సహస్ర ఏదైనా అల్లరి చేసిందేమో అనుకుంది. ఆయన ఈ బడికి పెద్ద, మంథనివారు, తాతల కాలంనుంచి చదువు చెప్పే ఇల్లు, మాట్లాడితే పుస్తకం చదివినట్టుంటుంది. ఏటా వార్షికోత్సవానికి పిల్లల చేత తల్లుల కాళ్ళు కడిగిస్తారాయన, మాతృపూజ అంటారు. "ఈ ఏడు ఒక ఆదర్శ మాతృమూర్తిని సన్మానించాలనుకున్నాం తల్లీ. మీ పేరు అనుకున్నాం. చిన్న వయసులో భర్తను పోగొట్టుకుని, మళ్ళీ పెళ్ళి మాట మనసులోకే రానీయకుండా, పాప కోసం జీవితం ధారపోశారు. ఈ కాలంలో అటువంటి తల్లి ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ఆయన కళ్ళల్లో అబద్ధం లేదు. అదే వచ్చిన కష్టం. అబద్ధముంటే సులువుగా వద్దనేది. మనసులోకే రానీయకుండా అన్న మాట దగ్గర రమ నోరు తెరిచింది కూడా. తెరిచి, "డ్యూటీ ఉంటది సార్" అన్నది. "ఒక్క పూట సెలవు పెట్టండమ్మా" అన్నాడాయన. అట్లా వచ్చి పడింది ఈ కుర్చీ. అప్పటికే గనిలో పనిచేసే కిషన్ అడిగి ఉన్నాడు, నన్ను చేసుకుంటవా అని. కొత్తగూడెం బదిలీ అయింది, ఈ నెలాఖరుకు పోవాలె, ఏదో ఒకటి చెప్పు అని. ఇవాళ మధ్యాహ్నం రెండో షిఫ్టుకు గనిలోకి దిగే ముందు జవాబు వింటానన్నాడు.

జవాబు పొద్దున ఉండింది. నల్లా దగ్గర బిందె నిండుతున్నప్పుడు ఉండింది, సహస్రకు రెండు జడలు వేసి రిబ్బన్లు కడుతున్నప్పుడూ ఉండింది. సరే అనే మాట అది. నోట్లో సోంపు గింజలాగా పెట్టుకుని తిరిగింది దాన్ని. బడి గేటు మీద బ్యానరు చూసింది. అందులో తన పేరు, కింద చిన్న అక్షరాల్లో కీర్తిశేషులు వీరేందర్ గారి సతీమణి అని. ఆ సరే అప్పుడు ఎటు పోయిందో తెలియలేదు. పోయిందా, భయపడి దాక్కుందా. వీరేందర్ పేరు అట్లా అచ్చులో చూసి ఎన్నాళ్ళైంది. సొంతూరికని మంథని రోడ్డు మీద బండి నడుపుకుంటూ పోతూ, పొద్దుగూకే వేళ ఆగి ఉన్న ట్రాక్టరును చూసుకోలేదు. సహస్రకు అప్పుడే బోర్లా పడడం వచ్చింది. ఆ సంగతి ఇంటికొచ్చాక చెబుదామనుకుంది, చెప్పలేదు. ఇప్పుడు అతని ముఖం తెచ్చుకుందామంటే పెళ్ళి ఫొటోలో ముఖమే వస్తుంది, బాసింగం కట్టుకుని బిగుసుకుపోయిన ముఖం. నవ్వే ముఖం, కోపంలో చెవులు ఎర్రబడే ముఖం, అవి రావడం లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పాలి? సమ్మవ్వకు చెప్పగలదా, అతన్ని కన్నతల్లికి, నీ కొడుకు ముఖం నాకు మసకబారిందత్తా అని? ముఖం మసకబారింది కాబట్టి కిషన్ ముఖం కనబడిందా, కిషన్ ముఖం అడ్డం వచ్చి ఇది మసకబారిందా? ఏది ముందు?

చౌరస్తాలో దీక్షా శిబిరం మైకు మోగుతూనే ఉంది. తెలంగాణ కోసం బొగ్గుబాయి కార్మికులు వంతులవారీగా టెంటు కింద ఉపాసం కూర్చుంటున్నారు. ఎవరో గొంతెత్తి తల్లి మీద పాట పాడుతున్నాడు, నీ కన్నీళ్ళు తుడుస్తం తల్లీ అని. రోడ్డు మీద బైఠాయింపు వల్ల ముఖ్య అతిథి కారు జ్యోతినగర్ దగ్గరే నిలిచిపోయిందని, ఇదిగో వచ్చేస్తున్నారని టీచర్లు అటూ ఇటూ ఉరుకుతున్నారు. ఆవిడ అక్కడి ఇంజినీర్ల క్లబ్బులో ఆడవాళ్ళ సంఘానికి అధ్యక్షురాలట. పాటలో ఒక తల్లి, చౌరస్తాలో ఈ మధ్యనే లేపిన విగ్రహం ఒక తల్లి, బ్యానరు మీద ఒక తల్లి, ఇంతమంది నడుమ తను ఏ తల్లి? విగ్రహం తల్లే నయం. దండ వేస్తే మెడ వంచే పని లేదు, మధ్యాహ్నం ఎవరికీ జవాబు చెప్పే పని లేదు. ఎండ షామియానా చిరుగులోంచి జారి ఒళ్ళో పడింది. పక్కన కూర్చున్నావిడ తన పూజపళ్ళెంలో పసుపు, కుంకుమ, పూలు సరిచూసుకుని, "మీది సింగారేణి నౌకరేనట గద అక్కా, పిల్లను ఎట్ల సంబాళిస్తున్నవో ఏమో" అన్నది. రమ నవ్వింది. ఏం చెప్పాలో తెలియనప్పుడు ఈ మధ్య నవ్వే వస్తుంది.

ఎట్లా సంబాళించింది? ఎవరు సంబాళించారు? నౌకరి ఇచ్చేనాటికి పిల్లకు ఏడాది నిండలేదు. వీరేందర్ లాగా నౌకరిలో ఉండగా పోయినవాని ఇంట్లో ఒకరిని కంపెనీ తీసుకుంటుంది. ఆడమనిషి కాబట్టి గనిలోకి దిగే పని కాదు, పైన ల్యాంపు రూములో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్ళకు కిటికీలోంచి తలదీపం అందియ్యాలి, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టాలి. మొదటి నెలల్లో పది దీపాలు అందిచ్చేలోపే రొమ్ములు గడ్డకట్టి రవిక తడిసిపోయేది, కొంగు మడత మీద మడత వేసుకున్నా తడి బయటికొచ్చేది. దీపం తీసుకునే మగవాళ్ళు తల వంచుకుని తీసుకునేవాళ్ళు. ఆ వంచుకోవడంలో మర్యాద ఎంతో జాలి ఎంతో ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం సమ్మవ్వ పిల్లను చంకనేసుకుని ఎండలో గని గేటు దాకా నడిచొచ్చేది. సైకిల్ స్టాండు వెనక గోడ వారన కూర్చుని పాలిచ్చేది రమ. ఒకనాడు పిల్ల తాగుతూ తాగుతూనే నిద్రపోయింది, తనకూ కునుకు పట్టింది. సమ్మవ్వే లేపింది, "లే బిడ్డా, నీ దీపాలకు ఆలిశమైతది" అని. తర్వాత పిల్ల సీసా పాలు మరిగింది. పాలు ఎండిపోయిన రోజు రమకు హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు ఏడుపొచ్చింది. అప్పుడు కాలనీలో ఏమన్నారు? "పాలు దాగే పోరిని ఇడిసిపెట్టి పోతున్నది, దాని గుండె రాయే" అన్నారు. నౌకరి వద్దని ఇంట్లో కూర్చుంటే ఏమనేవాళ్ళు? "బంగారమసొంటి నౌకరి మట్టిపాలు జేసింది, పిల్లకేం బెడ్తది" అనేవాళ్ళు. ఆ అన్నవాళ్ళలో ఒకరిద్దరు వెనక వరసలోనే ఉన్నారు, ఇందాక వచ్చి చేతులు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. రాయి ఏ రోజున దేవత అయింది? ఆ రోజున తను ఏం చేసి ఉంటుంది? ఏమీ చేసి ఉండదు, టిఫిను కట్టుకుని డ్యూటీకే పోయి ఉంటుంది.

పిల్లకు మాటలొచ్చినప్పుడు మొదట వచ్చిన మాట అవ్వ. ఈ దిక్కున అవ్వ అంటే అమ్మే, రమ కూడా తన తల్లిని అవ్వా అనే పిలిచింది. సహస్ర మాత్రం సమ్మవ్వను పిలిచింది ఆ మాటతో. "నేను అవ్వను గానే, బాపమ్మను. బాపమ్మా అను" అని ఆమె ఎంత నేర్పినా వినలేదు. పక్కలో పడుకోబెట్టుకునేది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది, పప్పన్నం మెత్తగా పిసికి పెట్టేది ఎవరైతే వాళ్ళే అవ్వ. మరి తనను ఏమని పిలిచింది? రమా అని పిలిచింది, సమ్మవ్వ పిలిచినట్టే. డ్యూటీనుంచి వచ్చేసరికి గడపలో నిలబడి 'రమచ్చింది, రమచ్చింది' అని గంతులేసేది. అందరూ నవ్వేవాళ్ళు, రమా నవ్వేది. బళ్ళో వేశాక మమ్మీ అన్నది. ఆ మాట నేర్పింది బడి. కాబట్టి తనను తల్లిని చేసింది ఈ బడేనేమో, అందుకే పిలిచి కుర్చీ వేసింది, లెక్క సరిపోయింది. ఇందాక టీచరును అడిగింది కూడా, పక్కన మా అత్తకు ఒక కుర్చీ వెయ్యరాదా అని. టీచరు చిన్నపిల్ల, నొచ్చుకుంటూనే చెప్పింది, "ఒక పిల్లకు ఒక్కరే మేడం, అందరూ అట్ల అడిగితే వరస సరిపోదు" అని. సమ్మవ్వ వెనకెక్కడో ముసలివాళ్ళతో పాటు కూర్చుంది. తిరిగి చూస్తే కనబడుతుంది. రమ తిరగలేదు.

కిషన్ మొదట అడిగింది పెళ్ళి కాదు. తిన్నవా అని అడిగాడు. ఆ రోజు కరెంటు పోయి దీపాలన్నీ సగం సగం చార్జింగులో ఉన్నాయి, ఎవరికేది ఇయ్యాలో తెలియక, ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అంటుంటే కళ్ళు తిరిగినట్టైంది. వరసలో అతని వంతు వచ్చింది. దీపం తీసుకోకుండా ముఖంలోకి చూసి, "తిన్నవా?" అన్నాడు. తిన్న అని అబద్ధమాడింది. అతను కాగితంలో చుట్టిన సర్వపిండి ముక్క సంచిలోంచి తీసి కిటికీలోంచి లోపలికి జరిపి, దీపం తీసుకుని వెళ్ళిపోయాడు. చిన్న విషయం. ఎందుకు గుర్తుండాలి? తిన్నవా అని తను ఎందరిని అడిగింది, రోజూ అడుగుతుంది, తల్లి అంటే అడిగే మనిషే గాని అడిగించుకునే మనిషి కాదు గదా. అతని పెళ్ళాం ఏనాడో విడిపోయి వెళ్ళింది, పిల్లల్లేరు. మంచివాడేనా? మంచివాడే అనిపిస్తుంది. పిల్లకు తండ్రి ఉంటే మంచిది గదా అని మొదట్లో తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నంతసేపు బాగానే ఉంటుంది ఆ మాట, ఎవరి ముందైనా నిలబడి అనగలిగే మాట. కాని సహస్ర తండ్రి కావాలని ఏ రోజూ అడగలేదు, సైకిల్ కావాలని అడిగింది. కావలసింది తనకు. తన కోసం అంటే ఈ షామియానా కింద ఒక్కరు కూడా ఊరుకోరు. పిల్ల కోసం అంటే సగం మంది ఒప్పుకుంటారు. పిల్ల కోసం చేసుకోకుండా ఉంటే సన్మానం, పిల్ల కోసం చేసుకుంటే పోనీలే, తన కోసమంటే మాత్రం... ఆ వాక్యం ఎట్లా ముగించాలో ఆమెకు రాలేదు.

ఊళ్ళో అయితే ఇంత ఉండకపోయేది. రమ పెద్దమ్మ మొగుడు పోయిన రెండేళ్ళకు మారుమనువు పోయింది, పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు, చీర పెట్టారు, అయిపోయింది. తమ కులంలో అదేం తప్పు కాదు. ఊరు విడిచి క్వార్టర్లలోకి వచ్చాక, పిల్లలు టై కట్టుకున్నాక, ఊళ్ళో లేని మర్యాద ఒకటి కాలనీలో మొలిచింది. దాన్ని ఎవరు నాటారో తెలియదు. మొన్న గోంగూర తెంపుతూ సమ్మవ్వ, తల ఎత్తకుండానే, "కిషనని ఎవలో కొత్తగూడెం పోతున్నడట గద" అన్నది. రమ చేతిలో కాడ ఆగిపోయింది. "అవునత్తా" అన్నది. "ఊఁ" అన్నది సమ్మవ్వ. అంతే. ఆమెకు తెలిసి అన్నదా, తెలియక అన్నదా, తెలిసీ తెలియనట్టు అన్నదా? ఆ ఊఁ లోపల ఏముందో రమ అప్పటినుంచి వెతుకుతూనే ఉంది. కొడుకు లేడు, మొగుడు ఎన్నడో పోయాడు, ఆమెకున్నది ఆ పిల్ల, ఆ పిల్లతో పాటు వచ్చిన తను. కొత్తగూడెం పోతే పిల్లను తీసుకుపోవాలా? అంటే ఆమె ఒళ్ళోంచి గుంజుకోవడమే. ఇక్కడే ఉంచి పోవాలా? అంటే వెనక కాగితం మీద రాసిన మాటను చింపి పారెయ్యడమే. పోకుండా ఉండాలా? ఉంటే రేపు దీపాలు, ఎల్లుండి దీపాలు, పిల్ల పెరుగుతుంది, పెరిగి పోతుంది, తను ఈ కుర్చీలో...

చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి వచ్చింది, చెమట తుడుచుకుంటూ, ఆలస్యానికి చేతులు జోడిస్తూ. విజయేంద్ర సారు మైకు అందుకున్నాడు. నవమాసాలు మోసి కని పెంచే తల్లి గురించి, తల్లి రుణం తీర్చుకోలేమనే మాట గురించి మాట్లాడాడు. ఆయన గొంతు వణికింది. ఆయనకు తన తల్లి గుర్తొచ్చి ఉంటుంది. రమకు ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది, రెండూ ఒకేసారి ఎట్లా వస్తాయో. పిల్లలు చెంబులు పట్టుకుని వరసగా వచ్చారు. సహస్ర తెల్ల యూనిఫాంలో, నీళ్ళు తొణకకుండా నాలుక కొరుక్కుంటూ వచ్చి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇందాకటి చిన్న టీచరు వంగి, ఎవరూ చూడలేదనుకుని, సహస్ర పూజపళ్ళెంలోంచి కుంకుమ పొట్లం తీసి గుప్పిట్లో దాచుకుంది. తీస్తూ రమ కళ్ళల్లోకి చూసింది, తప్పదు మేడం అన్నట్టు. రమ తల ఊపింది. ఎందుకు ఊపింది? సరే అని ఊపిందా?

"టీచర్, నా కుంకుమ ఏది?" అన్నది సహస్ర. ఆ గొంతు బాపమ్మది, నెమ్మదిగా మాట్లాడడం రాదు.

"నీకు పసుపు చాలు సహస్రా, పూలున్నయి గద."

"అందరి మమ్మీలకు ఉన్నది గద టీచర్!"

టీచరు ముఖం ఎర్రబడింది. చుట్టూ ఉన్న తల్లులు తమ పాదాల వైపు చూసుకున్నారు. సహస్ర ఒక్క క్షణం ఆలోచించి, పక్క పిల్ల పళ్ళెంలోకి వేలు పెట్టి ఇంత కుంకుమ తీసుకుంది, తీసుకుని, కడగకముందే తల్లి రెండు పాదాల మీద బొట్లు పెట్టింది. కావాలని చేసింది కాదు, పక్కవాళ్ళకు ఉన్నది తనకు లేకపోతే ఊరుకోదు, అంతే. తర్వాత నీళ్ళు పోసి అరికాలు రుద్దడం మొదలుపెట్టింది. అందరికీ తెలిసిన సంగతి కాదు గాని రమకు అరికాళ్ళల్లో చక్కిలిగింతలు. చిన్నప్పుడు గోరింటాకు పెట్టించుకోవడానికి కూడా ఒకరు కాళ్ళు పట్టుకోవాలి. పెదవి కొరికింది, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది, లాభం లేదు, కిసుక్కుమన్నది. సహస్ర తలెత్తి చూసింది. సంగతి అర్థమైంది దానికి. కళ్ళు మెరిశాయి. ఇంకాస్త కావాలనే, చిటికెన వేలితో గీరింది. రమ పకపకా నవ్వింది, పళ్ళెం పక్కకు జరిగి నీళ్ళు ఒలికాయి, సహస్రా నవ్వింది, ఇద్దరూ ఆపలేక నవ్వారు. నవ్వు ఎక్కడో మలుపు తిరిగి ఏడుపైంది, ఎక్కడ తిరిగిందో తెలియలేదు. "చూడండి, చూడండి, ఆ తల్లి కళ్ళలో ఆనందబాష్పాలు!" అన్నాడు మైకులో విజయేంద్ర సారు, తనూ కళ్ళు తుడుచుకుంటూ. అందరూ చప్పట్లు కొట్టారు.

శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. చెప్పాలి. నేను త్యాగం చెయ్యలేదని చెప్పాలి, ఇవాళ మధ్యాహ్నం ఒకాయనకు జవాబు చెప్పాల్సి ఉన్నదని, ఏం చెప్పాలో మీకు తెలిస్తే చెప్పండని అడగాలి. ఇన్ని ముఖాల్లో ఒక్కరికైనా తెలియకపోతుందా? "నేను..." అన్నది. తన గొంతు పెద్దగా తిరిగొచ్చి చెవుల్లో పడేసరికి అనుకున్నవన్నీ చెదిరిపోయాయి. "నేను డ్యూటీకి పోవాలె సార్" అన్నది. తర్వాత ఇందాకటికంటే పెద్దగా చప్పట్లు. "కర్తవ్య నిష్ఠ అంటే ఇదమ్మా!" అన్నది ముఖ్య అతిథి. ఏమన్నా సరే గొప్పతనంలోనే కలిసిపోతున్నది. నవ్వినా, ఏడ్చినా, పోతానన్నా.

గేటు బయట పిల్లల రిక్షాల పక్కన సమ్మవ్వ నిలబడి ఉంది, సహస్ర అప్పటికే ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. రమ శాలువా తీసి చంకలో పెట్టుకుంది. ఎప్పుడు చెప్పాలని అనుకోలేదు, ఎట్లా చెప్పాలని అసలే అనుకోలేదు. "సహస్రా, మనం కొత్తగూడెం పోదమా?" అన్నది. చూపు మాత్రం సమ్మవ్వ మీదికి పోయింది.

"ఎందుకు?"

"అక్కడ కిషనని ఒకాయన ఉంటడు. మంచోడు. నేను ఆయనను చేసుకుంటే... మనం అక్కడుంటం."

సహస్ర రిబ్బను కొస నమిలింది. "అక్కడ బడి ఉన్నదా?"

"ఉన్నది."

"మరి అవ్వ ఎక్కడ పండుకుంటది?"

చౌరస్తాలో పాట అయిపోయి నినాదాలు మొదలయ్యాయి. సమ్మవ్వ కొంగు తల మీదికి లాక్కుంది.

"ఈ పోరంతనే ఉంటి నేను, మా అవ్వ మారుమనువు పోయిన్నాడు" అన్నది, ఎవరితోనో అన్నట్టు. "కొత్త చీర కట్టుకున్నది. బండి కట్టిన్రు. నేను గూడ పోతున్న అనుకుని నా రెండు లంగలు మూటగట్టుకుని నిలవడ్డ. ఎక్కనియ్యలె. మా పెద్దబాపు రెక్క వట్టి గుంజిండు. ముందటి మొగని పిల్లలు ముందటి మొగని ఇంట్లనే ఉండాలె గద, అది రివాజు."

రమ పెళ్ళై వచ్చి ఇన్నేళ్ళలో ఈ మాట వినలేదు. "నాకెన్నడు చెప్పలేదు గదత్తా."

"ఏమని చెప్పుదు? తర్వాత ఎన్నడన్న అచ్చేది, నెత్తికి నూనె వెట్టి పొయ్యేది. నేను మాట్లాడకపోయేది." సమ్మవ్వ సహస్ర నోట్లోంచి రిబ్బను కొస లాగేసింది. "ఆమె పోవద్దని నేను ఏడ్వలే రమా. నన్ను బండెక్కించుకోలేదని ఏడ్సిన."

సహస్ర ఇద్దరి ముఖాలూ చూస్తున్నది.

"నువ్వు పోతవో, ఉంటవో, అది నన్నడగకు. అవునంటే నా కొడుకు గుర్తస్తడు, కాదంటే నువ్వు కండ్లవడ్తవు, నాకు సమజైతలేదు. కని పోతె మాత్రం పిల్లను తీస్కపో. ముసల్దానికి తోడుంటదని నా దగ్గర ఇడిసిపెట్టకు. గా పుణ్యం నాకద్దు."

రమ శాలువాను ఇంకో చంకలోకి మార్చుకుంది. "నువ్వు లేకుంట అది ఉంటదా?"

"ఉంటది. నేనుండలేదా?"

ఆ మాట అని సమ్మవ్వ ముఖం అటు తిప్పుకుంది, ఆటో కోసం చూస్తున్నట్టు. రోడ్డు ఖాళీగా ఉంది, బైఠాయింపు వల్ల ఆటోలు రావడం లేదని ఆమెకూ తెలుసు. రమ ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఆయన క్వార్టరుకు రెండు అర్రలేనట" అన్నది.

"అయితేంది? నేనెన్నడన్న అర్రల పండుకున్ననా? నాకు వాకిట్ల మంచమేస్తె సాలు."

రమ తలెత్తింది. ఇది ఒప్పుకోలా, దెప్పిపొడుపా? ఎండకు మాట జారిందా? పిల్లకు చెప్పిన జవాబా, తనకు చెప్పిన జవాబా? "అంటె, నువ్వస్తవా అత్తా?"

"నన్నెవలన్న అడిగిన్రా?" అన్నది సమ్మవ్వ.

రమ అడిగింది. నడిరోడ్డు మీద, చంకలో శాలువాతో, ఇంకా తను కాలు పెట్టని ఇంటికి, తను ఇంకా సరే చెప్పని మనిషి ఇంటికి, చనిపోయిన మొగుని తల్లిని రమ్మని అడిగింది. ఇది ఎక్కడైనా ఉందో లేదో, ఎవరైనా ఒప్పుకుంటారో లేదో, కిషన్ ఏమంటాడో, ఏదీ తెలియకుండానే అడిగింది. "మాతోని రా అత్తా. ఎక్కడికైన సరే."

సహస్ర సమ్మవ్వ చెయ్యి ఊపింది, "చెప్పవే అవ్వా" అని.

"గింత జల్ది అడిగితె ఎట్ల చెప్పుదునే. సోంచాయించుకోనియ్యి" అన్నది సమ్మవ్వ. పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నడక మొదలుపెట్టింది.

రమ గని దారి పట్టింది. అవుననాలో కాదనాలో ఇప్పటికీ తెలియదు. కాని మధ్యాహ్నం కిటికీ దగ్గర కిషన్‌కు ఏం చెప్పాలో తెలిసింది. ఆగమని చెప్పాలి. మా ఇంట్లో ఇంకొకరు ఆలోచిస్తున్నారని చెప్పాలి.